ఆస్ట్రేలియాలో ఒంటెలు లేవని చెప్పింది నేనే

పోయిన నెల మీర్‌పేటలో ఒకాయన చనిపోయాడు. పదకొండో రోజు భోజనాలప్పుడు మా టీ హోటల్ బ్యాచ్ అంతా ఒకే బల్ల దగ్గర కూర్చుని, వంకాయ కూర బాగుందని ఒకసారి, పాపం మంచి మనిషని ఒకసారి చెప్పుకున్నాం. నాలుగేళ్లపాటు ఆయన్ని ఆడిపోసుకున్న నోళ్లే ఇవి. వాటిలో పెద్ద నోరు నాది.

పేరు రాయను. మేం ఆయన పేరు వాడిందీ లేదు. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర మేం రోజూ టీ తాగే హోటల్లో ఆయన్ని ‘ఆస్ట్రేలియా కాకా’ అనేవాళ్లం. అది గౌరవంతో వచ్చిన పేరు కాదు. వెళ్లని దేశానికి వెళ్లానని చెప్పుకునే ముసలాయన అని దాని అర్థం. ఆ హోటల్లో ఆయన గురించి మీరు విన్నదంతా అబద్ధం. ఆ అబద్ధానికి ముద్ర వేసింది నేను కాబట్టి, దాన్ని చెరిపే పని కూడా నాదే.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి మీర్‌పేటలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. రిటైరైనా ఒంట్లోంచి బస్సు దిగలేదు. హోటల్లో ఎప్పుడూ ముందు వరసలో కుడివైపు కుర్చీలోనే కూర్చునేవాడు. లేచే ముందు కుడి భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసేవాడు, అక్కడ అద్దం ఉన్నట్టు. ఎవరి బండి మీదైనా వెనక ఎక్కితే మలుపు మలుపుకీ కుడికాలితో గాలిని తొక్కేవాడు. చెప్పాల్సింది చెప్పడం అయిపోతే ‘రైట్’ అని లేచేవాడు. హోటల్ ముందునుంచి పోయే ప్రతి బస్సు బోర్డూ పైకి చదివేవాడు. మేం దేశ రాజకీయాలు తేలుస్తుంటే మధ్యలో ఆయన “ఇబ్రహీంపట్నం” అనేవాడు. మాకు ఒళ్లు మండేది.

బోర్డుల గురించి ఆయనకో సిద్ధాంతం ఉండేది. “బోర్డు లేని బండి దొంగబండి సారూ. ఏడికి పోతున్నదో చెప్పుకోలేని బండిని నేను నడప.”

ఇక నా సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్లకు ఎదురుగా, మూడో అంతస్తులో నాకొక కన్సల్టెన్సీ ఉంది. పిల్లల్ని చదువులకు ఆస్ట్రేలియా పంపిస్తాను. అంటే వాళ్ల కాయితాలు పంపిస్తాను. వందల మందిని ఎక్కించాను గానీ నేను విమానం ఎక్కలేదు. ఇంతవరకు నేను దాటిన పెద్ద నీళ్లు కృష్ణానది, అది కూడా గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు, బస్సులో. అయినా ఆస్ట్రేలియా గురించి హోటల్లో ఏ సందేహం వచ్చినా తలలన్నీ నావైపే తిరిగేవి. నేనూ టీ గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేవాణ్ని. నా ఆఫీసు గోడకి ఆ దేశం మ్యాపు పెద్దది ఉంది. కాలేజీలన్నీ సముద్రం ఒడ్డు ఊళ్లలోనే ఉంటాయి, మధ్యలో ఏమీ లేదు కాబట్టి అక్కడ మా కన్సల్టెన్సీ స్టిక్కరు అంటించాను. నాకు ఆస్ట్రేలియా అంటే అంతే తెలుసు.

ఆయన కూతురు అడిలైడ్‌లో నర్సు. కాన్పు అయ్యాక తోడుగా ఉంటాడని నాలుగున్నరేళ్ల కింద తండ్రిని పిలిపించుకుంది. తల్లి అప్పటికే లేదు. ఆయన ఆరు నెలలకు వెళ్లి, ఆరు నెలలకు వచ్చాడు.

మా కాలనీల్లో విదేశం నుంచి వచ్చినవాళ్లకు ఒక పద్ధతి ఉంది. దిగిన రెండో రోజుకల్లా ఇంటింటికీ చాక్లెట్లు వెళ్లాలి. దగ్గరివాళ్లకైతే సెంటు సీసా కూడా. ఫోన్‌లో ఫొటోలు చూపించాలి. మనిషి ఒక రంగు తేలి, కాస్త ఒళ్లు చేసి రావాలి. ఇవన్నీ ఉంటే వెళ్లినట్టు, లేకపోతే లేదు. మేం పాస్‌పోర్టు అడగం, చాక్లెట్లు చూస్తాం. ఈయన మూడో రోజు హోటల్‌కి వట్టి చేతులతో వచ్చాడు. జేబులో బటన్ల ఫోను, దానికి కెమెరా లేదు. పైగా వెళ్లినప్పటికంటే నల్లగా, చిక్కి ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి కింద మరీ నల్లగా కాలిపోయి ఉంది.

మా బ్యాచ్‌లో ప్లాట్ల బ్రోకరు ఒకాయన ఉన్నాడు. ముందు ఆయనే మొదలుపెట్టాడు. “ఆస్ట్రేలియా పోయినోడు తెల్లగయి వస్తడు. నువ్వేంది కాకా, కంకర మిషన్ కాడ పనిచేసొచ్చినట్టున్నవ్?”

అప్పుడు ఆయన చెప్పాడు. కూతురి పక్కింట్లో ఈయనకంటే పెద్దవాడైన ఒక తెల్ల ముసలాయన ఉండేవాడట. అతని షెడ్డులో కూతురికంటే వయసెక్కువైన పాత వ్యాన్ ఒకటి. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ లోపలే. భార్యతో కలిసి అందులో దేశమంతా ఒక చుట్టు చుట్టి రావాలని పడుచుతనంలో కొన్నాడట. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అనుకుంటుండగానే భార్య పోయింది, ఆయనకు చూపు మందగించింది, లైసెన్సు పోయింది. వ్యాన్ మాత్రం రోజూ తుడిచి పెట్టేవాడు. కూతురూ అల్లుడూ డ్యూటీలకు పోయాక పసివాణ్ని నిద్రపుచ్చి, ఈయన గోడ మీదుగా ఆ తుడవడం చూసేవాడు. పిల్లవాణ్ని క్రెష్‌లో వేశాక చూడటం మానేసి షెడ్డులోకి వెళ్లాడు.

“ఆయనకు బండున్నది, కండ్లు లేవు. నాకు కండ్లున్నయి, బండి లేదు. స్టీరింగ్ కుడిదిక్కే, పోవుడు ఎడమదిక్కే, అంత మన లెక్కనే. ఇంగేం గావాలె?”

కూతురు ఏడ్చి గోల చేసిందట. ఈయన గుండెకి అంతకుముందే ఒక స్టెంట్ వేశారు. అయినా ఇద్దరు ముసలాళ్లూ బయలుదేరారు. రోజూ పొద్దున అట్టముక్క మీద ఆ రోజు చేరాల్సిన ఊరి పేరు తెలుగులో రాసి ముందు అద్దంలో పెట్టాకే ఈయన ఇంజన్ స్టార్ట్ చేసేవాడు. బోర్డు మీద పోయే ఊరే ఉండాలి, వచ్చిన ఊరు కాదు. ఆ ఎడారిలో తెలుగు బోర్డు ఎవరు చదువుతారని మేం అడిగాం. “చదివెటోడు లేకుంటే బోర్డు తీసేస్తరా?” అన్నాడు.

ఒకరి భాష ఒకరికి రాదు, ఏం మాట్లాడుకునేవాళ్లని అడిగితే ఆయన ఇంగ్లీషులో ఆయన చెప్తాడు, నా తెలుగులో నేను చెప్తాను, గేరు మార్చినప్పుడు ఇద్దరం బండి మాటే వింటాం అన్నాడు. పొద్దుటినుంచి సాయంత్రందాకా ఒక్క మలుపు లేని రోడ్డు గురించి చెప్పాడు. మనిషంత ఎత్తు చీమల పుట్టలు, కళ్లలో దూరే ఈగలు, మన నల్గొండ చెలక కంటే ఎర్రటి నేల. మేం నోళ్లు తెరిచి విన్నామని అనుకోకండి. మాకు తెలిసిన ఆస్ట్రేలియాలో గాజు బిల్డింగులుంటాయి, సముద్రం ఒడ్డున తెల్లవాళ్లుంటారు. ఈగలుండవు.

అప్పుడే ఒంటెల మాట వచ్చింది. ఒకచోట రోడ్డుకి అడ్డంగా ఒంటెల మంద పోతుంటే పావుగంట బండి ఆపానన్నాడు. హోటల్ అంతా నావైపు తిరిగింది. నేను గ్లాసు కింద పెట్టాను.

“ఆస్ట్రేలియాలో ఒంటెలుండవు పెద్దాయనా,” అన్నాను. “ఒంటెలుండేది రాజస్థాన్‌లో. అక్కడుండేవి కంగారూలు.”

“ఉన్నయి సారూ,” అన్నాడు. అంతే. నవ్వులు లేచాయి. బ్రోకరు అక్కడికక్కడే తేల్చేశాడు, ఈయన ఆ ఆరు నెలలూ నల్గొండలో ఎవరో చుట్టాల బత్తాయి తోటకి కాపలా ఉన్నాడని. అంత బాగా అతికిన అబద్ధాన్ని ఎవరు వదులుకుంటారు? ఆ రోజు నుంచి ఆయన హోటల్లో అడుగుపెడితే చాలు, ఎవరో ఒకరు “కాకా, తోట ఎట్లున్నది?” అనేవారు.

ఆస్ట్రేలియాలో ఒంటెలున్నాయి. లక్షణంగా మందలు మందలుగా తిరుగుతున్నాయి. ఫోన్‌లో చూడటానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. ఆయన పోయిన తర్వాత చూశాను. ఆ నాలుగేళ్లూ ఆ ఫోన్ నా చేతిలోనే ఉంది.

వాళ్ల చుట్టు పూర్తి కాలేదు. డార్విన్ అనే ఊరు దాటాక, కొంపా గోడూ లేని చోట గేర్‌బాక్సులో ఒక చక్రం పళ్లు రాలిపోయాయి. అంత పాత బండికి సామాను దొరకలేదు. ఈయన వీసా గడువు దగ్గరపడింది. బండిని ఒక పశువుల ఆసామి షెడ్డులో పెట్టి, మళ్లీ వచ్చి మిగతా సగం పూర్తి చేద్దామని చేతులు కలిపి విడిపోయారు. ఈయన ఆ పాడైన గేరును కాగితంలో చుట్టి వెంట తెచ్చుకుని, ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ల చుట్టూ నెల రోజులు తిరిగి కొత్తది కోయించాడు. ఒకరోజు పాతదీ కొత్తదీ రెండూ హోటల్‌కి తెచ్చి బల్ల మీద పెట్టాడు. పెళ్లి ఉంగరాలు చూపించినట్టు చూపించాడు. ట్రాక్టరు గేరు అన్నాను నేను. ట్రాక్టరు గేరుకీ వ్యాన్ గేరుకీ తేడా నాకు ఇప్పటికీ తెలియదు.

మరుసటి ఏడు ఆయన నా ఆఫీసుకి వచ్చాడు. చేతిలో చేత్తో రాసిన ఇంగ్లీషు ఉత్తరం ఉంది. అక్షరాలు పెద్దవి, వరసలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి, చూపు లేనివాళ్లు రాసినట్టే. బండి భద్రంగా ఉంది, ఎండాకాలం రాకముందే బయలుదేరదాం, రా, అని దాని సారాంశం. వీసా పెట్టాలన్నాడు. కూతురికి చెప్పొద్దన్నాడు. ఆమె అప్పటికి మెల్‌బోర్న్ మారింది, ఇంకోసారి బండి ఎక్కితే మాట్లాడనని ఒట్టు పెట్టుకుంది. కాబట్టి ఆ దేశంలో ఆయన తలుపు తట్టడానికి నేను తప్ప ఇంకో దారి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

నేను ఉత్తరం ఎవరో పిల్లవాడి చేత రాయించాడనుకున్నాను. కాదనకుండా కూర్చోబెట్టాను. పేరు, ఊరు, పుట్టిన తేదీ ఆయన చెప్తుంటే కంప్యూటర్లో కొట్టినట్టు నటించాను. తెర మీద క్రికెట్ స్కోరు ఉంది. ఎందుకు వెళ్తున్నారని రాయాలని అడిగితే, “సగం రోడ్డు మిగిలింది, గదే రాయి” అన్నాడు. సాయంత్రం హోటల్లో ఇది చెప్తే బ్రోకరుకి టీ ముక్కులోంచి వచ్చింది.

ఒక రోజు సరదా అనుకున్నది మూడు నెలలు సాగింది. ప్రతి మంగళవారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. వీసాల కోసం వచ్చిన పిల్లలు కుర్చీ ఇస్తే కూర్చోకుండా మ్యాపు ముందు నిలబడేవాడు. ఒకసారి మా స్టిక్కరు మీద వేలు పెట్టి, “గీ కిందనే రోడ్డున్నది సారూ. మా బండి మీ స్టిక్కర్ కిందనే ఉంటది,” అన్నాడు. పని నడుస్తోందని చెప్పేవాణ్ని నేను. ఇటు ఆఫీసులో నాటకం నేను నడిపేవాణ్ని, అటు హోటల్లో వాళ్లు “కాకా, వీసా వచ్చిందా?” అని అడిగేవాళ్లు. ఇంతమంది పెద్దమనుషులకు ఒక ముసలాయన మూడు నెలలు వినోదం అందించాడు. పైసా తీసుకోకుండా.

చివరికి నాకే విసుగొచ్చింది. రిజెక్ట్ అయిందని చెప్పాను.

“ఏం తప్పు రాసినం సారూ?” అన్నాడు.

నన్ను తప్పుబట్టలేదు, గమనించండి. రాసినం అన్నాడు. నోటికొచ్చింది చెప్పాను, పుట్టిన తేదీలో ఏదో తేడా అంటున్నారని. మా వ్యాపారంలో ఎవరికైనా పని జరగకపోతే చెప్పే మాట అది, ఎవరూ తిరిగి అడగరు. అదే తేదీతో పోయినసారి వీసా ఇచ్చారు కదా అని ఆయన అడిగి ఉంటే నా అబద్ధం అక్కడే బయటపడేది. అడగలేదు. బల్లకు అవతలివైపు కూర్చున్నవాడు చెప్పింది నమ్మడం ఆయనకు అలవాటు.

“గట్లయితే తప్పు నాదే,” అన్నాడు. “బడిల సారు ఏసిన తేదీ గది. మా అవ్వ కందులు కోసే దినాలల్ల పుట్టినవని చెప్పేది.” అక్కడ ముసలాయన ఎదురుచూస్తాడు, రాలేనని ఇంగ్లీషులో ఓ ముక్క రాసి పంపమన్నాడు. పంపుతానన్నాను. పంపలేదు. ఉత్తరం సొరుగులో, కాలేజీ బ్రోచర్ల కింద పడేశాను.

ఆయన లేచి వెళ్లాడు. ‘రైట్’ అనలేదు. అప్పుడు నేను గమనించలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది. ఆ తర్వాత హోటల్‌కి రావడం తగ్గింది. వచ్చినా బోర్డులు చదివేవాడు కాదు. మాకు హాయిగా ఉండేది.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక కూతురు మా బల్ల దగ్గరికి వచ్చింది. వీసా రాలేదు పాపం, సారే పెట్టించాడని బ్రోకరు, అంతా తెలిసే, అప్పటికే ఆమెకి చెప్పి ఉన్నాడు, నాకేదో మంచి పేరు తెచ్చిపెడుతున్నట్టు. తండ్రి పోయిన కబురు చెప్పడానికి అడిలైడ్‌కి ఫోన్ చేసిందట. ఆ ముసలాయన ఇంకా ఉన్నాడు. చూపు పూర్తిగా పోయింది. కబురు విని అడిగిన మొదటి మాట, ‘మరి అప్పుడు ఎందుకు రాలేదు?’

“నాన్న మరిచిపోయిండనుకుంటున్నడు సార్ ఆయన,” అంది. “ఆ రిజెక్ట్ లెటర్ మీ దగ్గరుంటే ఇస్తరా? ఆయనకు చదివి వినిపించమని పంపుత.”

చేతిలోని ఫోన్ నాకు చూపించింది. ముసలాయన ఇంట్లో పాత కెమెరాలో తీసిన ఫొటో దొరికితే ఆయన తరపువాళ్లు పంపారట. చూపు సరిగా లేనివాడు తీసిన ఫొటో. ఒక పక్కకి ఒరిగి ఉంది, కాకా తల సగం తెగిపోయింది. వెనక ఎర్రటి నేల. పాత వ్యాన్ ముందు అద్దంలో అట్టముక్క మాత్రం స్పష్టంగా ఉంది. డార్విన్, తెలుగులో, మన బస్సుల మీద రాసే గుండ్రటి అక్షరాల్లో.

వెతికి తెస్తానన్నాను. అప్పుడు కూడా అబద్ధమే.

మర్నాడు సొరుగులోంచి ఆ ఉత్తరం తీసుకుని మీర్‌పేట వెళ్లాను. ఇదొక్కటే ఉంది, ఇంకే లెటరూ లేదు, అన్నాను. ఆమె చదివింది.

“మీరు వీసాకు పంపనే లేదా?”

“లేదమ్మా.”

ఆమె లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చి ఆ ఉత్తరం పక్కన పెట్టింది. అందులో అన్నీ అర్జీలు. ఊరి బడి హెడ్‌మాస్టరుకి, మండలాఫీసుకి, మళ్లీ బడికి. నా పుట్టిన తేదీ సరిచేసి సర్టిఫికెట్ ఇప్పించగలరు. రెండేళ్లపాటు ఆయన ఆ ఊరికి బస్సులో వెళ్లొచ్చాడు. పాత రిజిస్టరు చెదలు తినేసిందని జవాబు వచ్చినా మానలేదు. హోటల్‌కి రాని రోజుల్లో ఆయన తిరిగింది అక్కడ. మేం బత్తాయి తోట అనుకున్నాం.

“ఆఖరికి దవాఖానల చేర్పించినప్పుడు కూడ నర్సును అడిగిండంట,” అంది, “కాయితం మీద తేదీ సరిగ్గ రాసుకున్నవా బిడ్డా, అని.”

నేను ఏదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆ ముసలాయనకు మీరే రాయండి సార్. ఇంగ్లీషుల. అందరికీ రాసిస్తరు గదా.”

అక్కడే కూర్చుని రాశాను. అనివార్య కారణాల వల్ల అని మొదలుపెట్టాను. చదివి వెనక్కిచ్చింది. సమాచార లోపం అని రాశాను. అదీ వెనక్కిచ్చింది. చివరికి మిగిలింది నాలుగు వాక్యాలు. ఆయన మీ ఉత్తరం అందిన వారంలోనే నా దగ్గరికి వచ్చాడు. నేను దరఖాస్తు పంపకుండా, పంపానని చెప్పాను. మీ దేశం ఆయన్ని కాదనలేదు, నేనే కాదన్నాను. ఆయన మిమ్మల్ని మరిచిపోలేదు. కింద సంతకం, పేరు, ఆఫీసు అడ్రసు అన్నీ పెట్టమంది. పెట్టాను.

ఆమె తిరుగు ప్రయాణానికి సూట్‌కేసు సర్దుకుంటోంది. పచ్చళ్ల డబ్బాలు తీసి పక్కన పెట్టి, ఆ ఖాళీలో గ్రీజు గుడ్డలో చుట్టిన కొత్త గేరును దించింది. గుమ్మం దాకా వచ్చి, “మీ దగ్గరికొచ్చే పిల్లలకు చెప్పండి సార్,” అంది, “ఆడ ఒంటెలున్నయని.”

ఆఫీసుకి వచ్చి మ్యాపు మీద స్టిక్కరు గోటితో గీకాను. సగం ఊడింది. కింద ఎర్రటి గీత ఒకటి ఉంది, రోడ్డే.

ఆ సాయంత్రం హోటల్లో ఇదంతా, ఒక్క ముక్క దాచకుండా, మా వాళ్లకు చెప్పాను. వ్యాన్, బోర్డు, ఫొటో, సొరుగు, ఫైలు. అందరూ శ్రద్ధగా విన్నారు. ఒకరిద్దరు తలలూపారు. చివర్న బ్రోకరు గ్లాసు కింద పెట్టాడు.

“గదంత సరే సార్,” అన్నాడు. “మరి చాక్లెట్లెందుకు తేలె?”

“విమానం దిగిన రోజు సంచీలో పాత గేరు ఉంది,” అన్నాను.

“ఆస్ట్రేలియా పోయి ఇనుము తెచ్చిండా?” అన్నాడు. బల్ల అంతా నవ్వింది. నాలుగేళ్లలో ఆ బల్ల దగ్గర నేను నవ్వకపోవడం అదే మొదటిసారి.